గురువారం ఆరాధన పెంచే ముందు: లూనెట్, తాళంచెవి, రెండో మనిషి

అడిగింది క్లుప్తంగా ఇదీ: కోస్తాలో ఒక కతోలిక విచారణ, అంటే ఒక ఫాదర్‌గారి కింద ఉండే క్రైస్తవ సంఘం. మొదటి శుక్రవారం గంటసేపు జరిగే దివ్యసత్ప్రసాద ఆరాధనని (దివ్యపూజలో ప్రతిష్ఠించిన అప్పాన్ని క్రీస్తు సాన్నిధ్యంగా కొలవడాన్ని) ప్రతి గురువారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా చేయాలని విచారణ సంఘం అనుకుంటోంది. ఫాదర్‌గారు వారంలో సగం రోజులు ఉపకేంద్రాల్లోనే (విచారణ కింది చిన్న ఊళ్ల గుళ్లలోనే) ఉంటారు కాబట్టి ఉపదేశి గానీ సిస్టర్లు గానీ స్థాపించవచ్చా, అంటే ఆరాధన కోసం ఆ అప్పాన్ని బయటికి తీసి అందరికీ కనబడేలా పెట్టవచ్చా? పోయిన వానాకాలం లూనెట్‌లోని (అప్పాన్ని పట్టి ఉంచే గుండ్రటి అద్దాల డబ్బీలోని) అప్పం మీద మచ్చలు కనబడ్డాయి, అలాంటప్పుడు ఏం చేయాలి? ఒక ఉపకేంద్రం వాళ్లు తమ గుడిలోనూ మందసం (సత్ప్రసాదం ఉంచే తాళం పెట్టె) పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

ముందు పన్నెండు గంటల సంగతి. అలా మొదలుపెట్టకండి. భక్తి చాలదని కాదు, మనుషులు చాలరు. స్థాపించిన సత్ప్రసాదం ఎదుట ఎవరూ లేకుండా కాసేపైనా వదిలిపెట్టకూడదని 2004లో రోమ్ ఇచ్చిన ఆదేశపత్రం సూటిగానే చెప్పింది. గంటకి ఒక్కరినే రాసుకుంటే ఆ ఒక్కరికి ఫోనొచ్చినా, పిల్లాడు ఏడ్చినా, తర్వాతి మనిషి పది నిమిషాలు ఆలస్యమైనా గుడి ఖాళీ. అందుకే గంటకి ఇద్దరు. పన్నెండు గంటలకి ఇరవై నలుగురు, అదీ ప్రతి వారం. కోతలు, పెళ్లిళ్లు, జ్వరాలు లెక్కేస్తే చేతిలో ముప్పై ఆరు పేర్లన్నా ఉండాలి. మొదటి నెలలో పేర్లు బాగానే వస్తాయి. మూడో నెలకి మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా భారమంతా ఒక పెద్దామె మీదే పడుతుంది. ఆమె భోజనానికి లేచి వెళ్లలేక, అప్పం ఒంటరిగా వదల్లేక ఇబ్బంది పడుతుంది.

దీనికి దారి నియమాల్లోనే ఉంది. ఆరాధకులు చాలని చోట ముందుగా ప్రకటించిన వేళల్లో సత్ప్రసాదాన్ని తిరిగి మందసంలో ఉంచవచ్చని 1973 నాటి ఆరాధన క్రమం చెబుతుంది. అయితే రోజుకి రెండుసార్లకి మించకూడదు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి అని ఉదాహరణ కూడా అదే ఇస్తుంది. కాబట్టి ఉదయం పూజ తర్వాత రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పెట్టుకోండి. మధ్యలో తీసి లోపల పెట్టడానికి ఆర్భాటం అక్కర్లేదు. గురువు, అంటే ఫాదర్‌గారు, ఆల్బ్, స్టోలు అనే పూజవస్త్రాలు వేసుకుని కాసేపు మోకరిల్లి, ఒక ప్రార్థన చెప్పి పెట్టేస్తే చాలు. తిరిగి స్థాపించడమూ అంతే. నాలుగు గంటలకి ఎనిమిది మంది, అదనంగా నలుగురు. ఆరు నెలలు ఒక్క వారమూ తప్పకుండా నడిస్తే అప్పుడు ఒక గంట కలపండి. జాబితా గుడి తలుపు మీద అంటించండి, ఫోన్ గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. గ్రూపులో పడ్డ జాబితా పండగ శుభాకాంక్షల కింద పూడిపోతుంది. ఒక మాట మాత్రం జాబితా కిందే రాయండి: తర్వాతి వాళ్లు వచ్చి కూర్చున్నాకే ముందువాళ్లు లేవాలి.

సాయంత్రం ఆరింటికి పూజ ఉంటే ఆరాధన అయిదున్నరకే ముగించాలి. దేవాలయంలోని ఒకే భాగంలో స్థాపన, దివ్యపూజ ఒకేసారి జరగకూడదని తిరుసభ (కతోలిక క్రైస్తవ సంఘం) చట్టం 941. ఉదయం పూజ నుంచి నేరుగా స్థాపనలోకి వెళ్లేటప్పుడు చిన్న తేడా ఉంది, చాలామంది మరిచిపోతారు: సత్ప్రసాదం ఇవ్వడం అయ్యాక అప్పాన్ని పీఠం మీద స్థాపించి, ఆ తర్వాతి ప్రార్థనతో పూజ ముగుస్తుంది. చివరి ఆశీర్వాదం, "పూజ ముగిసినది" అనే సాగనంపు ఉండవు. ఆ రోజు స్థాపించే అప్పం కూడా ఆ పూజలోనే ప్రతిష్ఠించినదైతే అందం.

ఆశీర్వాదం ఇవ్వడానికే స్థాపించడం, అంటే పూజ అయ్యాక అయిదు నిమిషాలు బయటపెట్టి, ఒక పాట పాడి, ఆశీర్వదించి లోపల పెట్టేయడం, నిషిద్ధం. కొంతసేపు వాక్యం, ప్రార్థన, మౌనం ఉండి తీరాలి. ఇది మన దగ్గర తరచూ జరిగే తప్పు, జనం అడుగుతారని ఫాదర్లు ఒప్పుకుంటారు.

ఎవరు స్థాపించవచ్చు? చట్టం 943 ప్రకారం స్థాపనకీ ఆశీర్వాదానికీ అధికారం గురువుకీ డీకన్‌కీ (గురువుకి కింది మెట్టు అభిషిక్త సేవకుడికీ) ఉంటుంది. వాళ్లు లేని ప్రత్యేక పరిస్థితిలో నియమితుడైన అకోలైట్ (పీఠం దగ్గర సేవ చేసే వ్యక్తి), సత్ప్రసాదం పంచడానికి నియమితులైన అసాధారణ సేవకులు, లేదా మేత్రాణులు (బిషప్‌గారు) ఆ పనికి అనుమతించిన మరొకరు స్థాపించి తిరిగి మందసంలో పెట్టవచ్చు. ఆశీర్వాదం మాత్రం ఇవ్వకూడదు. కాబట్టి మీ సిస్టరుగారు గానీ ఉపదేశిగారు గానీ చేయాలంటే మేత్రాసనం నుంచి అనుమతి ఉండాలి, అది కాగితం మీద ఉండాలి. "ఫాదర్‌గారు సరేనన్నారు" అన్నది చాలదు, ఫాదర్‌గారు బదిలీ అవుతారు. అనుమతి ఉన్నా ముగింపులో మోన్‌స్ట్రెన్స్ (లూనెట్‌ని అమర్చి అప్పాన్ని చూపే నిలువు పాత్ర) ఎత్తి శిలువ గుర్తు వేయకూడదు, భుజవస్త్రం కప్పుకోకూడదు. పాట పాడి, ప్రార్థన చెప్పి, మోకరిల్లి, లోపల పెట్టి తాళం వేయడమే. అసలు తేలికైన దారి ఇంకొకటుంది: ఫాదర్‌గారు ఊళ్లో ఉండే రోజునే ఆరాధన రోజుగా ఎంచుకోండి. గురువారమే కావాలన్న నియమమేమీ లేదు.

ఇక మచ్చల విషయం. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే తప్పు జరిగేది సాధారణంగా అప్పంలో కాదు, లూనెట్‌లో.

అప్పం అంటే గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు, నూనె, చక్కెర ఏవీ ఉండవు. కాల్చాక అందులో తేమ చాలా తక్కువ కాబట్టే నిలవ ఉంటుంది. కానీ ఎండు అప్పం గాలిలో తేమని దూదిలా పీల్చుకుంటుంది. వానాకాలంలో కోస్తాలో తీసి బయటపెట్టిన అప్పం గంటలోనే కరకరలాడడం మాని అట్టలా వంగుతుంది. ఆ స్థితిలో దాన్ని రెండు అద్దాల లూనెట్‌లో పెట్టి బిగిస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. పైగా పీఠం మీద కొవ్వొత్తులు, పైన దీపాలు వేడెక్కిస్తాయి. ఆరాధన అయ్యాక మందసంలో చల్లబడుతుంది. అద్దానికి లోపలివైపు మసక కడుతుంది. ఆ మసక తగిలినచోటే మొదటి మచ్చ వస్తుంది. అందుకే అప్పం అద్దానికి ఆనకుండా సన్నని అంచు పట్టుకునే లూనెట్ మంచిది. మీ లూనెట్ లోపలి వ్యాసం స్కేలుతో కొలవండి. గురువు వాడే పెద్ద అప్పం సాధారణంగా 70 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కానీ చేసే చోటుని బట్టి మారుతుంది. లూనెట్ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండేది తెప్పించుకోండి. బిగుతుగా ఉంటే ఉబ్బినప్పుడు విల్లులా వంగి అద్దాన్ని తాకుతుంది, మరీ వదులైతే ప్రదక్షిణలో జారి పక్కకి ఒరుగుతుంది. ప్రతిష్ఠించాక అంచు విరిచి సరిపెట్టడం అన్న ఆలోచనే వద్దు. అంచు విరిస్తే రాలే ప్రతి పలుకూ సత్ప్రసాదమే.

మార్చే గడువు: ఎండాకాలం, చలికాలం పదిహేను రోజులు మించకుండా. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా వారం వారం. తరచుగా కొత్తవి పెట్టి పాతవి వినియోగించాలన్నది చట్టం 939. పాతదాన్ని గురువు పూజలో స్వీకరిస్తారు. మార్చిన తేదీ సాక్రిస్టీ (పూజ సామగ్రి ఉంచే గది) బీరువా తలుపు లోపల చిన్న కాగితం మీద రాస్తే ఇంకెవరినీ అడగాల్సిన పనిలేదు.

మచ్చ కనబడితే ముందు రంగు చూడండి. లేత గోధుమ రంగు, గట్టిగా ఉండి, అచ్చు గీతల వెంట ఉంటే అది పెనం మీద పడ్డ మాడు, మొదటి రోజు నుంచీ ఉండి ఉంటుంది. నల్లగా, పచ్చగా, నూగులా ఉంటే బూజు. ఎర్రగా, తడిగా, చుక్కలుగా ఉంటే చాలాసార్లు అది సెరాషియా మార్సెసెన్స్ అనే సూక్ష్మజీవి. 1819లో ఇటలీలో మొక్కజొన్న సంకటి ఉన్నట్టుండి ఎర్రబడితే జనం భయపడ్డారు, బార్తలోమియో బిజియో అనే ఔషధశాస్త్రజ్ఞుడు పరిశీలించి దాని కారణం తేల్చి ఆ పేరు పెట్టాడు. తేమ, వెచ్చదనం, పిండిపదార్థం మూడూ ఉన్నచోట అది పెరుగుతుంది, మన వానాకాలం మందసంలో మూడూ ఉంటాయి. కాబట్టి ఎర్రచుక్క కనబడగానే ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి, జనాన్ని పిలవకండి. తాళం వేసి ఫాదర్‌గారికి చెప్పండి, ఆయన మేత్రాణులకి చెబుతారు. ఇలాంటివి పరిశీలించే బాధ్యత మేత్రాణులదే, 2024 మే నెలలో రోమ్ ఇచ్చిన కొత్త నియమాలు దీనికి పద్ధతి ఏర్పరిచాయి. అద్భుతమే అయితే నాలుగు రోజులు ఆగినా అద్భుతంగానే ఉంటుంది.

బూజు పట్టింది, స్వీకరించడానికి పనికిరాదు అని గురువు నిర్ణయిస్తే పద్ధతి ఇది. చిన్న గాజుపాత్రలో మంచినీళ్లు పోసి అప్పాన్ని అందులో వేస్తారు, మూతపెట్టి మందసంలోనే ఉంచుతారు. పలచటి అప్పం కొద్దిసేపట్లోనే మెత్తబడుతుంది కానీ పూర్తిగా విడిపోవడానికి రోజులు పడుతుంది. తొందరపడి చెంచాతో చిదమకండి. అప్పం రూపం ఉన్నంతవరకే ఆ సాన్నిధ్యం ఉంటుందన్నది తిరుసభ బోధ, కాబట్టి పూర్తిగా కరిగి, అప్పం అని చెప్పలేని స్థితికి వచ్చాక ఆ నీళ్లని సాక్రిస్టీలో నేరుగా నేలలోకి పోయే తొట్టి ఉంటే అందులో పోయాలి. లేకపోతే గుడి ఆవరణలో ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో. మామూలు సింకులో, మురుగు కాలవలో ఎప్పుడూ పోయకూడదు. లూనెట్‌ని మొదట ఒట్టి నీళ్లతో కడిగి ఆ నీళ్లనీ అక్కడే పోసి, తర్వాతే సబ్బు. పూర్తిగా ఆరాకే, అంటే గుడ్డతో తుడిచి అరపూట గాలికి ఉంచాకే మళ్లీ వాడాలి. తడి లూనెట్‌లో పెట్టిన కొత్త అప్పానికి వారంలోపే మచ్చ వస్తుంది. "కొత్తదానికి కూడా వచ్చింది" అని ఆశ్చర్యపోయేది ఇక్కడే.

శుభ్రం అన్నాం కాబట్టి: చింతపండు, ఇత్తడి తోమే పొడి మోన్‌స్ట్రెన్స్ దగ్గరికి రానివ్వకండి. చాలావాటికి ఉండేది పలచని బంగారు పూత. పండగ ముందు ఎవరో భక్తిగా తోమితే రెండేళ్లలో పూత పోయి ఇత్తడి బయటపడుతుంది. పూజాపాత్ర, సిబోరియం (అప్పాలు ఉంచే మూత పాత్ర) లోపలి భాగానికైతే ఇది ఇంకా ముఖ్యం, తుప్పు పట్టే లోహమైతే లోపల బంగారు పూత ఉండాలన్నది నియమం. మెత్తని నూలుగుడ్డ, గోరువెచ్చని నీళ్లు చాలు.

ఇంకా ప్రతిష్ఠించని అప్పాలని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు. బయటికి తీయగానే చెమట పడుతుంది. సిబోరియంలో పోసే ముందు శుభ్రమైన జల్లెడలో వేసి మెల్లగా రెండుసార్లు ఆడించండి. అడుగున పడే పొడి చూస్తే ఇన్నాళ్లూ ఆ పొడి ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది: సిబోరియం అడుగుకి, అక్కడి నుంచి జనం అరచేతుల్లోకి, నేల మీదకి. రెండు నిమిషాల పని, ప్రతిష్ఠకి ముందు చేస్తే అది ఒట్టి పిండి, తర్వాత అయితే కాదు.

లెక్క కూడా మచ్చలకి మందే. నాలుగు ఆదివారాలు ఒక పుస్తకంలో రాయండి: ఎన్ని పెట్టారు, ఎన్ని మిగిలాయి. మందసంలో ఉండాల్సినది ఇళ్ల దగ్గర సత్ప్రసాదం తీసుకునే జబ్బువాళ్లు, ముసలివాళ్లు ఎంతమందో అంత, ఇంకో ఇరవై ముప్పై. "ఉండనీ" అని మూడు వందలు నిలవ ఉంచే అలవాటు వల్లే అడుగున నెలల నాటివి మిగులుతాయి. వచ్చినవాళ్లు ఆ పూజలోనే ప్రతిష్ఠించిన అప్పాన్ని స్వీకరించడం మేలని తిరుసభ చెప్పేదీ ఇందుకు కలిసొస్తుంది.

చీమల గురించి అడగలేదు గానీ అడుగుతారు. మందసం గోడకి ఆనుకున్న చోట సందు, కింద కర్ర పీఠం, పక్కన పూలు. దారి ఇదే. సందుని సిమెంటుతోనో సిలికాన్‌తోనో పూడ్చండి, లోపల ఏ మందూ కొట్టకండి. మోన్‌స్ట్రెన్స్‌కి మల్లెదండ వేయడం మానండి. దండలోంచి నీళ్లు కారతాయి, చీమలు ఎక్కుతాయి, అప్పం కనబడదు. పూలు పీఠం కింద, కాస్త ఎడంగా.

దీపాలు. మోన్‌స్ట్రెన్స్‌తో స్థాపిస్తే పూజకి వెలిగించినట్టే నాలుగో ఆరో కొవ్వొత్తులు, సాంబ్రాణి. మూతపెట్టిన సిబోరియంతో అయితే కనీసం రెండు. మందసం దగ్గరి దీపం వేరు, అది రాత్రీ పగలూ వెలగాలి. ఎర్రబల్బు పెట్టి ఊరుకున్నచోట కరెంటు పోయినప్పుడల్లా చీకటే. నూనె గానీ మైనం గానీ వాడడమే అసలు పద్ధతి. కొబ్బరినూనె చలికాలంలో సుమారు 24 డిగ్రీల కిందకి పోతే పేరుకుంటుంది, తెల్లారేసరికి దీపం కొండెక్కుతుంది. నువ్వులనూనె పేరుకోదు. వత్తి మసి రోజూ తీయాలి. భారత మేత్రాణుల కోరిక మీద 1969 ఏప్రిల్ 25న రోమ్ ఒప్పుకున్న పన్నెండు అంశాల్లో కొవ్వొత్తుల బదులు నూనెదీపాలు, మోకాలు వంచే బదులు చేతులు జోడించి బాగా వంగి నమస్కరించడం కూడా ఉన్నాయి. కాబట్టి మోకాళ్లనొప్పి ఉన్న పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు. ఇంకొకటి: స్థాపించిన సత్ప్రసాదానికి రెండు మోకాళ్లూ వంచాలి అన్నది పాత అలవాటు. ఇప్పటి క్రమంలో మందసంలో ఉన్నా బయట ఉన్నా ఒక మోకాలే.

ధూపకలశంలో బొగ్గు ముందుగా పదిహేను నిమిషాలు రాజేయాలి. ఆశీర్వాదం వేళకి వెలిగిస్తే పొగ బదులు నిప్పురవ్వలు లేస్తాయి. కొబ్బరిచిప్ప బొగ్గు బాగా నిలుస్తుంది.

గంటలో ఏముండాలి? చాలా విచారణల్లో గంటంతా మైకులోనే గడిచిపోతుంది: పాట, సాక్ష్యం, పాట, స్వస్థత ప్రార్థన, పాట. నా అభిప్రాయం: గంటలో కనీసం ఇరవై అయిదు నిమిషాలు మౌనం ఉండాలి, అదీ ఒక్కసారే కాకుండా రెండు మూడు ముక్కలుగా. మొదట్లో జనం ఇబ్బందిగా కదులుతారు, మూడో వారానికి అలవాటవుతుంది. పవిత్ర గ్రంథం నుంచి ఒక పఠనం, చిన్న ధ్యానం సరిపోతాయి. జపమాల చెప్పుకోవచ్చు, క్రీస్తు జీవిత రహస్యాల మీద నిలిచేలా నెమ్మదిగా. పునీతుల నవదినాలకి (తొమ్మిది రోజుల ప్రార్థనలకి) మాత్రం ఇది చోటు కాదు. ముగింపులో తాంతుమ్ ఎర్గో (సత్ప్రసాదాన్ని స్తుతించే పాట), ఆ పాట జరుగుతుండగా ధూపం, తర్వాత ప్రార్థన, గురువు భుజవస్త్రం కప్పుకుని మోన్‌స్ట్రెన్స్ ఎత్తి మౌనంగా ఆశీర్వదించడం. ఆ క్షణంలో గంట మోగుతుంది, మైకు ఆగాలి. మోన్‌స్ట్రెన్స్‌ని జనం మధ్యకి తెచ్చి ఒక్కొక్కరి తల మీద పెట్టడం, తాకించడం ఈ క్రమంలో లేవు. ఒకచోట మొదలైతే చుట్టుపక్కల ఊళ్లన్నీ అడుగుతాయి, అందుకే మొదట్లోనే వద్దనాలి.

ఆఖరిది, ఉపకేంద్రంలో మందసం. అక్కడివాళ్ల కోరిక మంచిదే, కానీ మూడు ప్రశ్నలకి జవాబు ఉండాలి. నెలకి కనీసం రెండుసార్లు అక్కడ పూజ జరుగుతుందా? సత్ప్రసాదం ఉన్నచోట వీలైనంతవరకు అలా ఉండాలని చట్టం 934. రోజూ చూసుకునే మనిషి పేరుతో సహా ఉన్నారా? మందసం కదలకుండా బిగించి, గట్టిగా, లోపలిది కనబడకుండా, తాళంతో ఉందా? గుడి పగలంతా తెరిచి, మేకలు లోపలికొచ్చే స్థితిలో ఉంటే ఇంకా సమయం రాలేదు. ఇక విచారణ ఉపకేంద్రానికి మేత్రాణుల అనుమతి కూడా కావాలి. అప్పటిదాకా వాళ్లకి జపమాల, వాక్యారాధన ఉన్నాయి, ఆరాధన రోజు మీ గుడికి వచ్చి ఒక గంట తీసుకోమనండి. పేర్లు చాలని గంటకి ఇద్దరు వాళ్లే దొరకవచ్చు.

తాళంచెవి మందసం వెనకో, శిలువ కిందో, పూలకుండీలోనో పెట్టకండి. ఊళ్లో అందరికీ తెలిసే చోట్లు అవి. సాక్రిస్టీ బీరువాలో, ఆ బీరువాకి మరో తాళం వేసి, ఆ రెండో తాళంచెవి ఫాదర్‌గారి దగ్గర.